పొట్టి రైఫిలు - సైనికుని తీర్పు

ఒక పరికరము మంచిదో, చెడ్డదో పరీక్షాశాల కొంతవరకే చెప్పగలదు. మిగిలినది దానిని నిత్యము చేతబట్టువారు చెప్పవలసినదే. నాగలికి రైతు ఎట్లో, రైఫిలుకు సైనికుడు అట్లే. అయితే అతడు చెప్పిన మాటలలో ఏది అమరికకు చెందిన దోషమో, ఏది తయారీకి చెందిన దోషమో వేరుచేసి చూచుట శాస్త్రజ్ఞుని పని. ఆ పని ఆలస్యమైనచో ఏమి జరుగునో బ్రిటిషు సైన్యపు ఎల్-85 రైఫిలు చరిత్ర తెలుపుచున్నది.

మామూలు రైఫిలులో తూటాలుండు మాగజైను, తూటాను పేల్చు యంత్రభాగము ట్రిగ్గరుకు ముందుండును. వెనుకనున్న మడమ ముఖ్యముగా భుజమున ఆనించుకొనుటకే పనికివచ్చును. "బుల్‌పప్" అను అమరికలో యంత్రభాగమును, మాగజైనును ట్రిగ్గరుకు వెనుకగా, మడమలోనికి జరుపుదురు. అందుచేత గొట్టమును కురుచ చేయకయే తుపాకి పొడవు తగ్గును. గొట్టము కురుచయైనచో గుండు వేగము తగ్గును గనుక ఇది చిన్న లాభము కాదు. అమెరికావారి ఎమ్-16 రైఫిలు గొట్టము 508 మిల్లీమీటర్లు. మొత్తము పొడవు సుమారు ఒక మీటరు. ఎల్-85 గొట్టము 518 మిల్లీమీటర్లు. కాని మొత్తము పొడవు 785 మిల్లీమీటర్లే.

ఈ ఊహ పాతదే. 1901 లో థార్నీక్రాఫ్ట్ అను స్కాట్లండువాసి ఇట్టి కార్బైనును రూపొందించెను. నాటి లీ-ఎన్‌ఫీల్డు రైఫిలుకంటె అది ఏడున్నర అంగుళములు పొట్టి. బ్రిటిషు సైన్యము దానిని పరీక్షించి, ఎదురుదెబ్బ ఎక్కువ అనియు, పట్టు అనుకూలముగా లేదనియు త్రోసిపుచ్చెను. 1951 లో ఇ.ఎమ్.-2 అను బుల్‌పప్ రైఫిలును ప్రభుత్వము స్వీకరించినది. కాని నాటో దేశములన్నిటికిని ఒకే తూటా ఉండవలెనను వాదము ముందు, దాని 7 మిల్లీమీటర్ల తూటాతోపాటు ఆ రైఫిలు కూడ ప్రక్కకు తొలగవలసివచ్చెను. దాని స్థానమున బెల్జియము నమూనాను అనుసరించిన 7.62 మిల్లీమీటర్ల ఎస్.ఎల్.ఆర్. వచ్చినది. భారత సైన్యములో చిరకాలము వాడుకలో నున్న రైఫిలును ఈ జాతిదే.

1985 లో ఎల్-85 సైన్యము చేతికి వచ్చినది. 1,143 మిల్లీమీటర్ల ఎస్.ఎల్.ఆర్.ను మోసిన సైనికులకు ఇది ఎంతో పొట్టిగా తోచెను. కవచవాహనములోనికి ఎక్కునపుడు, హెలికాప్టరునుండి దిగునపుడు, ఇండ్ల గదులలో మలుపు తిరుగునపుడు గొట్టము కొన దేనికిని తగులుకొనదు. బరువు వెనుకకు చేరుటచే ఒక్క చేతితోనైనను నిలుపవచ్చును. నీళ్ళబిందెను చంకన పెట్టుకొనుటకును, చేయి చాచి పట్టుకొనుటకును గల భేదమే ఇందును కలదు. నాలుగు రెట్లు పెద్దదిచేసి చూపు దుర్భిణిని పైన అమర్చిరి. తూటా చిన్నది, తుపాకి బరువైనది కావున ఎదురుదెబ్బ తక్కువ. గురి విషయమున దీనిని మెచ్చుకొన్న సైనికులు అనేకులు.

వారి ఫిర్యాదులలో కొన్ని అమరికనుండి పుట్టినవి. ఖాళీ తూటాతొడుగు కుడివైపునకు ఎగిరిపడును. బోల్టుతోపాటు కదలు పిడియు అటువైపే ఉన్నది. ఎడమ భుజమున ఆనించినచో అవి ముఖమునకే తగులును. కావున ఎడమచేతివాటమువారును కుడి భుజముననే ఆనించి కాల్చవలెను. గోడకు ఎడమ అంచున చాటుగా నిలిచి కాల్చదలచినవాడు శరీరమును ఎక్కువగా బయటపెట్టవలసివచ్చును. మాగజైను మోచేతి దగ్గర ఉండుటచే దానిని మార్చుటకు వేరుగా అభ్యాసము కావలెను. ట్రిగ్గరు ముందు, యంత్రము వెనుక ఉండుటచే రెంటిని కలుపుటకు పొడవైన కమ్మీ అవసరము. అందుచే నొక్కు అంత స్ఫుటముగా నుండదు.

మరికొన్ని ఫిర్యాదులు అట్టివి కావు. మాగజైనును పట్టియుంచు మీట శరీరమునకు ఒత్తుకొనినచో మాగజైను ఊడి క్రిందపడెడిది. దోమలు రాకుండ పూసికొను మందు తగిలి ప్లాస్టికు భాగములు చెడెడివి. ఇసుకలో యంత్రము తరచు అడ్డుపడెడిది. 1988 లో ఎన్‌ఫీల్డు కర్మాగారము మూతపడి ఉత్పత్తి నాటింగ్‌హామునకు మారినది. 1991 గల్ఫు యుద్ధములోని ఎడారి దుమ్ము ఈ లోపములను ప్రపంచమునకు వెల్లడిచేసెను. శత్రువు ఎదుట తుపాకి పేలకపోవుటయనగా సైనికునికి అది సాంకేతిక సమస్య కాదు, ప్రాణసంకటము.

అయినను సమగ్రమైన మరమ్మతు 2000 సంవత్సరమువరకు ఆరంభము కాలేదు. జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోఖ్ సంస్థ సుమారు రెండు లక్షల ఆయుధములను బాగుచేసెను. 9 కోట్ల 20 లక్షల పౌన్లు ఖర్చయినది. బోల్టు, తొడుగును లాగు కొక్కెము, స్ప్రింగులు, మాగజైను మొదలగునవి మార్చిరి. అమరికను మాత్రము ముట్టలేదు. 2002 లో ఆఫ్ఘనిస్థానమునుండి మరల ఫిర్యాదులు వచ్చెను. విచారణ జరిపిన అధికారులు తుపాకిని శుభ్రపరచుటలోని లోపములను ఎత్తిచూపిరి. అటుపిమ్మట శుభ్రపరచు పద్ధతిపై శ్రద్ధ హెచ్చినది. మార్చిన రైఫిలుకు నమ్మదగినదను పేరును క్రమముగా వచ్చినది. కాని ఎడమచేతివాని ఇబ్బంది ఎప్పటివలెనే నిలిచినది. దానినిబట్టి ఏ దోషము అమరికదో, ఏది తయారీదో స్పష్టమైనది.

ఆస్ట్రియావారి స్టయర్ రైఫిలులో బోల్టు మార్చి, తొడుగు బయటపడు ద్వారమును ఎడమకు త్రిప్పు సౌకర్యము కలదు. అనగా ఎడమచేతివాని సమస్యకు కొంత పరిష్కారము ఉన్నది. అయినను పొట్టి రైఫిలును వాడిన సైన్యములు కొన్ని మామూలు అమరికకు మరలుచున్నవి. 2016 లో ఫ్రాన్సు తన ఫామాస్ స్థానమున అట్టి రైఫిలునే ఎన్నుకొనెను. 2023 లో బ్రిటను సైతము రాయల్ మెరీన్ కమాండోలు మొదలగువారికి మామూలు అమరికగల క్రొత్త రైఫిలును ప్రకటించెను. ఆస్ట్రేలియా సైన్యము మాత్రము బుల్‌పప్పునే మెరుగుపరచుకొన్నది.

కావున బుల్‌పప్ మంచిదా, చెడ్డదా అను ప్రశ్నకు ఒక్కమాట సమాధానము లేదు. పొడవులో లాభించినది పట్టులో కొంత చెల్లింపవలెను. ఆ బేరము ఏ సైన్యమునకు ఎంత గిట్టునో దాని పనినిబట్టి యుండును. కాని మాగజైను ఊడిపడినదని సైనికుడు చెప్పినపుడు బేరములేదు. అది కొలచి, దిద్దవలసిన వాస్తవము. ఆ మాటకు చెవియొగ్గుటకు పట్టిన సంవత్సరములే ఈ రైఫిలు చరిత్రలో అన్నిటికన్న పెద్ద లోపము.