బోటులో జనరేటర్: పొగ ఎటు పోతుంది?

మన శృంగవరపుకోట నుంచి ఇంకో ఎపిసోడ్. ఈసారి టాపిక్ ఇచ్చింది అమెరికాలో ఉంటున్న మా ఊరి తమ్ముడు ఒకడు. వాడూ స్నేహితులూ కలిసి పాత బోటు ఒకటి కొన్నారట. అందులోనే వండుకుని, పడుకుని, సరస్సులో నాలుగు రోజులు తిరగొచ్చు. "అన్నా, దీనికి చిన్న జనరేటర్ ఏది బాగుంటుంది?" అని మెసేజ్ పెట్టాడు. ఒక కంపెనీ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ వెనకున్న చరిత్ర తెలిస్తే వాడు అడగాల్సిన ప్రశ్నే మారిపోతుంది.

ఎడిసన్ బల్బులు ఆయన ల్యాబ్ దాటాక మొదట వెలిగింది ఏదో సిటీలో అనుకుంటాం. కాదండీ, ఓడలో! 1880లో కొలంబియా అనే ఆవిరి ఓడలో డైనమోలు పెట్టి లైట్లు వెలిగించారు. న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ పవర్ స్టేషన్ మొదలైంది 1882లో. తమాషా ఏంటంటే, ఆ ఓడలో స్విచ్ ప్రయాణికుల చేతికి ఇవ్వలేదు. గది బయట తాళం వేసిన పెట్టెలో ఉండేది. లైటు కావాలంటే సిబ్బందిని పిలవాల్సిందే.

అక్కడ బాయిలర్ పొగంతా పెద్ద గొట్టంలోంచి ఓడ పైకి పోయేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తర్వాత మిషన్ చిన్నదైపోయింది. 1965లో హోండా వాళ్లు ఈ300 తెచ్చారు, చేత్తో పట్టుకెళ్లే జనరేటర్. మిషన్ చేతిలోకి వచ్చింది, పొగగొట్టం మాత్రం రాలేదు. పొగ మనిషి ఎత్తులోనే వదులుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక మనకి కరెంటు పోయింది గుర్తుందా? జనరేటర్ ఉన్న షాపు ముందు ఫోన్లు పట్టుకుని నిలబడ్డాం. రోడ్డు మీద పెట్టారు కాబట్టి పొగ గాలికి పోయింది. బోటుకి రోడ్డు ఉండదు కదా.

అమెరికాలో పావెల్ సరస్సు ఉంది, ఇల్లు లాంటి బోట్లు తిరుగుతాయి. 2000 ఆగస్టులో అక్కడ ఇద్దరు అన్నదమ్ములు, ఒకడికి 11 ఏళ్లు, ఇంకొకడికి 8, బోటు వెనక ఈత కొడుతూ చనిపోయారు. మునిగిపోయారంటే సరే అనుకుంటాం. కానీ అసలు కారణం జనరేటర్ పొగ. బోటు వెనక చెక్క కింద ఖాళీలో కార్బన్ మోనాక్సైడ్ పోగైంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రభుత్వ పరిశోధకులు పాత రికార్డులు తిరగేస్తే అలాంటి కేసులు ఇంకా చాలా బయటపడ్డాయి. ఆ తర్వాతే పొగని నిలువు గొట్టంతో బోటు పైకప్పు దాటించే పద్ధతిని పరీక్షించారు. 1880 ఓడలో ఉన్నదే మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందన్నమాట!

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. మామూలు జనరేటర్ లోడ్ ఉన్నా లేకపోయినా ఒకే స్పీడులో తిరగాలి, మన 50 హెర్ట్జ్‌కి సాధారణంగా నిమిషానికి 3000 చుట్లు. అందుకే ఆ గోల. ఇన్వర్టర్ రకం అయితే తక్కువ లోడుకి స్పీడు తగ్గిస్తుంది. పెట్రోలు, శబ్దం రెండూ తగ్గుతాయి. 2000 వాట్ల రకం 20 కిలోల పైచిలుకు ఉంటుంది, ఒక్కడే దించగలడు. ఫ్రిజ్, లైట్లు, ఫోన్లకి చాలు. ఏసీ అంటే స్టార్టింగ్‌లో లాగే కరెంటు కూడా లెక్కేసుకోవాలి.

నా ఓటు మాత్రం బ్యాటరీకే. పగలు బోటు ఇంజన్ తిరుగుతున్నప్పుడు, లేదా సోలార్‌తో ఛార్జ్ చేసి, రాత్రి దాని మీదే గడపాలి. జనరేటర్ తప్పదంటే ఒడ్డుకి దించి, గాలివాటం చూసి, మనుషులకి దూరంగా నడపాలి. అది నడుస్తున్నంతసేపు బోటు చుట్టుపక్కల ఎవరూ ఈత కొట్టకూడదు. బోటు లోపల, మూసిన అరలో అస్సలు పెట్టకూడదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగున చేరుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంజన్ చల్లారాక, అదీ ఒడ్డునే పెట్రోలు పోయాలి. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాలి.

ఇదంతా వాడికి వాయిస్ మెసేజ్ పెట్టాను. "అలారం ఆర్డర్ పెట్టేశా అన్నా, జనరేటర్ తర్వాత చూస్తా" అన్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో మాచ్‌ఖండ్ కరెంటు మన వైపు ఎలా వచ్చిందో మాట్లాడుకుందాం. ఉంటానండీ.