హెన్రీ బ్లేక్ ఇల్లు చేరలేదు

1975 మార్చి 18. అమెరికాలో సీబీఎస్ చానెల్‌లో 'మ్యాష్' మూడో సీజన్ ఆఖరి భాగం. కొరియా యుద్ధంలో సైనిక ఆసుపత్రి కథ అది. వీడ్కోలు తీసుకుని ఇంటికి బయల్దేరిన కల్నల్ హెన్రీ బ్లేక్ విమానాన్ని జపాన్ సముద్రంపై కూల్చేశారని, ఎవరూ బతకలేదని రాడార్ అనే గుమాస్తా ఆపరేషన్ గదిలోకొచ్చి చదువుతాడు. మాస్కుల పైన కళ్లు చెమరుస్తాయి, చేతులు మాత్రం పని ఆపవు. ఎక్కడో ఒక పరికరం కిందపడిన చప్పుడు. ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేసిన నాకు ఇప్పటికీ అక్కడ గుండె పట్టేస్తుంది.

ఆ సన్నివేశం పేజీని చివరి నిమిషం దాకా నటుల్లో చాలామందికి చూపించలేదు. ఇక ప్రేక్షకులైతే, నవ్వించే సీరియల్లో ఈ చావేమిటని ఉత్తరాల్లో నిలదీశారు. యుద్ధం మంచివాళ్లనూ వదలదని రచయిత లారీ గెల్బార్ట్ వాదన. నేనూ ఆయన పక్షమే. సెప్టెంబరులో కొత్త సీజన్‌తో పాటు బ్లేక్ స్థానంలో కల్నల్ పాటర్ వచ్చాడు.