ఓటునకు వెల

మా సంగం జాగర్లమూడి కృష్ణా పశ్చిమ డెల్టాలోని పల్లె. కాలువ నీరు పారిన చేలకు సర్కారువారు శిస్తు వసూలు చేసెడివారు. ఒకప్పుడు ఓటుహక్కు కూడ ఆ శిస్తు వెంబడియే నడచెడిదని నేటి యువకులలో ఎందరెరుగుదురు?

1919 నాటి రాజ్యాంగ శాసనము ననుసరించి 1920 నవంబరులో మదరాసు శాసనసభకు ఎన్నికలు జరిగెను. పల్లెలలో ఏటికి పది రూపాయలకు తక్కువగాని శిస్తుగల భూమి యున్నవారే ముఖ్యముగా ఓటర్లు. రాష్ట్రమందలి జనులు సుమారు నాలుగు కోట్లు. ఓటర్లు పండ్రెండున్నర లక్షలు. అనగా నూటికి ముగ్గురు. ఒకే చేనిలో పట్టాదారు ఓటరు. నాగలి పట్టిన పాలేరు కాడు. 1921లో స్త్రీలకును ఓటుహక్కు లభించెను. కాని పట్టా భర్త పేరనో, కుమారుని పేరనో యున్న యింటిలో ఆ హక్కు ఉట్టిమీది వెన్నవలె కన్నుల కగపడినదే గాని చేతి కందలేదు.

ఆస్తిగలవాడు లంచమునకు లొంగడని ఈ నిబంధనను సమర్థించినవారు కలరు. మా కది సరియని తోచదు. ఓటర్లు కొలదిమంది యైనకొలది వారిని లెక్కించుటయు సులభము, లోబరచుకొనుటయు సులభము. ఎవ్వరికి అప్పున్నది, ఎవ్వరికి వ్యాజ్యమున్నది అని వేలిమీద లెక్క పెట్టవచ్చును. ఎన్నికలో లంచమిచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములని ఆ 1920లోనే శాసనము చేయవలసి వచ్చెను గదా!

1935 శాసనముచే ద్వారము కొంత తెరువబడెను. అక్షరాస్యతయు ఓటునకు అర్హత యయ్యెను. 1937 ఎన్నికలనాటికి మదరాసు రాష్ట్రములో ఓటర్లు అరువది లక్షలు దాటిరి. చదువురానివారి కొరకు వేరువేరు రంగుల పెట్టెలు పెట్టిరి. కాంగ్రెసు వారిది పసుపుపచ్చ పెట్టె. పసుపు మన యిండ్లలో శుభమునకు గుర్తు. ఆ రంగును పోల్చుకొనుటకు ఏ యిల్లాలికిని అక్షరములతో పనిలేదు.

ఆనాడు బొబ్బిలి రాజావారు జస్టిసు పక్షమునకు నాయకులు, మదరాసు ప్రభుత్వమునకు ప్రధానమంత్రి. సంపదయు అధికారమును రెండును వారియందే యుండెను. అయినను వారి సొంత బొబ్బిలిలోనే రైల్వే కార్మికుల నాయకుడగు వి.వి. గిరి వారిని ఓడించెను. 215 స్థానములలో కాంగ్రెసు 159 గెలిచెను. కాంగ్రెసు అభ్యర్థులలో భాగ్యవంతులు లేరని మే మనము. అయినను, ఓటర్లు పలువురై, చీటిని చాటున వేయగలిగినచోట జమీందారుని ధనమునకు బలము తగ్గునని బొబ్బిలి ఋజువు చేసినది.

ఈ వ్యాధి మన కొక్కరికే పరిమితము కాదు. అమెరికాలో కొన్ని రాష్ట్రములు తలపన్ను చెల్లింపనివారికి ఓటు నిరాకరించెడివి. దేశమంతటి ఎన్నికలలో ఆ నిబంధన 1964 నాటి రాజ్యాంగ సవరణతో తొలగెను. కాని 2010లో అక్కడి సుప్రీంకోర్టు, అభ్యర్థులతో నిమిత్తము లేకుండ కంపెనీలు తమంతట తాము చేయు ఎన్నికల వ్యయమునకు హద్దు పెట్టరాదని తీర్పుచెప్పెను. ముంగిట నుండి తరిమిన ధనము పెరటి దారిన వచ్చినది.

మన గతియు నంతియే. 1950 నాటి రాజ్యాంగము వయోజనుల కందరకు ఓటు నిచ్చెను. 2022లో పెద్ద రాష్ట్రములందు శాసనసభ అభ్యర్థి వ్యయమునకు 40 లక్షల రూపాయలు హద్దుగా నిర్ణయించిరి; పక్షముల వ్యయమునకు మాత్రము హద్దులేదు. దాత పేరు ప్రజలకు తెలియనీయని ఎన్నికల బాండ్లు 2018లో వచ్చినవి. ఓటరునకు తెలిసికొను హక్కు కలదని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న వానిని కొట్టివేసెను.

చట్టము పెద్ద సంచులను వెదకును గాక. పోలింగు ముందటి రాత్రి మన గుమ్మములోనికి వచ్చు చిన్న కవరు మాటయేమి? పది రూపాయల శిస్తు లేదని నాడు పాలేరును వెలుపల నిలిపిరి. అతని మనుమరాలికి నేడు ఆ హక్కు ఉచితముగ దక్కినది. ఆమె దానిని అమ్ముకొన్నచో తప్పు ఆమె యొక్కతెదే కాదు. ముందుగా కవరు తీసికొని, ఇంటిల్లిపాది ఓట్లను లెక్కగట్టి యిచ్చు యజమానిదియు నగును. చదువుకొన్న కుటుంబములు మొదట తమ గుమ్మముననే ఆ కవరును త్రిప్పి పంపవలెను. ఇల్లాలి ఓటు ఇల్లాలిదే యని మగవారు ఒప్పుకొనవలెను. అంతవరకు ఓటునకు శిస్తు పోయినదే కాని వెల పోలేదు.