ఆర్కిడ్ పూల కాడకు పిల్ల మొక్క వచ్చిందా? తొందరపడి కోసేయకండి.. ముందు వేర్లు చూడండి!

పూల కోసం ఎదురుచూస్తున్న ఆర్కిడ్ కాడ మీద మొగ్గకు బదులు రెండు బుజ్జి ఆకులు కనిపించాయా? కంగారు పడకండి. అది పిల్ల మొక్క. ఆర్కిడ్లు పెంచేవాళ్లు దీన్ని 'కైకి' అంటారు. హవాయి భాషలో ఆ మాటకు పసిబిడ్డ అని అర్థం. మన అరటి పిలక లాంటిదే అనుకోవచ్చు.. కాకపోతే అరటికి దుంప నుంచి వస్తుంది, దీనికి కాడ మీదే పుడుతుంది. విత్తనంతో పని లేదు కాబట్టి, పిల్లకు పూసే పూలూ తల్లి పూల రకమే.

అసలు ఎందుకు వస్తుంది?

ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఫాలెనాప్సిస్ రకంలో పూల కాడ కణుపుల దగ్గర నిద్రాణంగా మొగ్గలు ఉంటాయి. కాస్త చల్లగా ఉంటే అవి పూల వైపు వెళ్తాయి. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటి అలాగే కొనసాగితే పూలకు బదులు ఆకులు వేసే అవకాశం ఎక్కువ. డెండ్రోబియంలో అయితే పిల్లలు కాండం కణుపుల మీద వస్తాయి. చలికాలంలో విశ్రాంతి కావాల్సిన రకాలకు నీళ్లు, నత్రజని ఎరువు ఆపకుండా ఇస్తే పూలు తగ్గి పిల్లలు పెరుగుతాయి.

ఇంకో కారణం కూడా ఉంది, అది అంత సంతోషకరం కాదు. వేర్లో, నడిమి మొవ్వో కుళ్లిపోయిన మొక్క చనిపోయే ముందు పిల్లను పెట్టడం మామూలే. అందుకే సంబరపడే ముందు ఒకసారి తల్లి కుండీలో వేర్లు చూడండి. గోధుమరంగులోకి మారి, నొక్కితే మెత్తగా ఉంటే కుళ్లినట్టే. అప్పుడు మీకు మిగిలేది ఈ పిల్లే కావచ్చు.

ఎప్పుడు వేరు చేయాలి?

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వేర్లు రాకముందే కోసేస్తే పిల్ల నీళ్లు తీసుకోలేదు, ఆకులు ముడతలు పడి ఎండిపోతుంది. కనీసం రెండు మూడు వేర్లు, ఒక్కోటి 2 అంగుళాల దాకా పెరిగేవరకు ఆగాలి. కొన్ని నెలలు పట్టినా సరే! అప్పటిదాకా వేర్ల మీద రోజూ కాసిన్ని నీళ్లు పిచికారీ చేస్తే చాలు. మరీ పొడవు పెరగనిస్తే మాత్రం కుండీలో పెట్టేటప్పుడు విరుగుతాయి.

బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, పిల్లకు అటూ ఇటూ అంగుళం కాడ ఉంచి కోయాలి. బ్లేడు శుభ్రంగా లేకపోతే ఒక మొక్కలోని వైరస్ ఇంకో మొక్కకు అంటుకుంటుంది. కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దొచ్చు, వేర్లకు మాత్రం తగలనివ్వొద్దు. వాటిని ఎండగట్టేస్తుంది.

కుండీ చిన్నదే వాడాలి. మట్టి అస్సలు వద్దు. నాచు గానీ, బెరడు ముక్కలు, బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కలు గానీ సరిపోతాయి. ఎండ నేరుగా పడని, వెలుతురున్న చోట పెట్టండి.

హైదరాబాద్ లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమ బాగా తక్కువ. అప్పుడు కోయకపోవడమే మంచిది. తప్పదంటే ఇంకో దారి ఉంది. తల్లి పక్కనే తడి నాచుతో చిన్న కుండీ పెట్టి, కాడను వంచి పిల్లను అందులో కూర్చోబెట్టండి. వేర్లు పట్టుకున్నాక కాడ కోసేయొచ్చు. ఫాలెనాప్సిస్ పిల్ల పూయడానికి సాధారణంగా రెండు మూడేళ్లు పడుతుంది.

పిల్లలు కావాలని కణుపులకు రాసే 'కైకి పేస్ట్' కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. అందులో ఉండేది సైటోకైనిన్ అనే హార్మోన్. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మొక్కకైతే పర్లేదు. రెండు మూడు ఆకులే ఉన్న బలహీనమైన మొక్కకు మాత్రం రాయొద్దు.. పిల్లను పెంచే సత్తువ దానికి ఉండదు.