చిన్నారుల పేర వచ్చు పుస్తకము

రాయచూరు మండలమున మల్లట్ వంటి గ్రామములందు స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు ఇంటిభాష యొకటి, బడిభాష వేరొకటి. తెలుగు మాట తల్లి యొడిలోనే అబ్బును. తెలుగు అక్షరము మాత్రము ఎవరైన తెచ్చి యిచ్చిన గాని రాదు. కన్నడలిపి నేర్చిన బాలునకు మనలిపి చాలవరకు పరిచితమే యైనను, చదువుటకు చేతిలో పుస్తకముండవలెను గదా! కావున పుస్తకము పాఠకుని వెదకికొని వచ్చిన కథ మనకు వినోదమాత్రము కాదు.

1956 నవంబరు 1వ తేదీ వరకు ఈ మండలము హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ రాష్ట్ర రాజధానిలో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసెను. 1520లో రాయచూరు కోటను గెలిచిన ప్రభువు పేరనే అది వెలయుట మనవారికి ముచ్చట గొలుపు విషయము. అయితే అది పెద్దల గ్రంథాలయము. పాఠకుడే అచటికి పోవలెను. 1935లో పాతూరి నాగభూషణముగారు ఈ వరుసను తారుమారు చేసిరి. పెదవడ్లపూడి ప్రాంతమున పుస్తకములను పడవ కెక్కించి, కాలువ వెంబడి పల్లెలకు పంపిరి.

పిల్లల వంతు కొంత ఆలస్యముగా వచ్చెను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల' 1945లోను, నాగిరెడ్డి, చక్రపాణిగార్ల 'చందమామ' 1947 జూలైలోను మదరాసునుండి వెలువడినవి. చందాదారుల యిండ్లకు తపాలాలో చేరెడి ఆ సంచికలు రాష్ట్రేతర కుటుంబములకు చేసిన మేలు ఇంతంత కాదు. కాని చందా కట్టగల తండ్రి యున్న పిల్లలకే ఆ భాగ్యము.

ఆ యడ్డంకిని తొలగించిన ప్రయత్నము అమెరికాలో జరిగినది. టెన్నెసీ రాష్ట్రమునందలి సెవియర్ కౌంటీలో గాయని డాలీ పార్టన్ 1995లో ఒక యేర్పాటు గావించెను. ఆమె తండ్రి చదువను వ్రాయను నేర్వనివాడు. పుట్టినది మొదలు అయిదేండ్లు నిండు వరకు ప్రతి శిశువునకు నెలకొక పుస్తకము ఉచితముగా తపాలాలో వచ్చును. ధనిక, దరిద్ర భేదము లేదు. పుస్తకము తండ్రి పేర గాక శిశువు పేరనే వచ్చుట యిందలి సొగసు. వ్యయమును స్థానిక సంఘములు భరించును. పుస్తకముల యెంపిక, పంపకము సంస్థవారు చూచుకొందురు. 2006లో కెనడాకు, 2007లో బ్రిటనుకు వ్యాపించిన ఈ పథకమున 2018 నాటికి పది కోట్ల పుస్తకములు చేరినవి. 2023లో ఆ సంఖ్య యిరువది కోట్లకు పెరిగినది.

ఇది మనకు సాధ్యమా యని యడుగువారు తపాలా ఖర్చును తలచి వెనుదీయుదురు. 2025 మే 1న భారత తపాలాశాఖ 'జ్ఞాన్ పోస్ట్' అను సేవను ప్రారంభించెను. విద్యా, సాంస్కృతిక గ్రంథములకు 300 గ్రాముల వరకు రుసుము 20 రూపాయలు, పన్ను వేరు. పలుచని బొమ్మల కథల పుస్తకము ఆ తూకమునకు లోబడియే యుండును. నెలకొకటి చొప్పున ఒక బిడ్డకు ఏడాదికి 240 రూపాయలు. మన సంఘపు వార్షికోత్సవ వేదిక పూలదండల లెక్క ఇంతకు మించియే యుండును!

ఒక్క మార్పు మాత్రము అవసరమని నా యభిప్రాయము. అమెరికాలో అయిదవ యేటితో పుస్తకములు ఆగును, బడి యందుకొనును. మన బిడ్డలకు బడిలో తెలుగు దొరకని చోట్ల అక్కర అప్పుడే మొదలగును. కావున ఎనిమిదవ యేటి వరకైన పంపవలెను. ఆ పిల్లల పేరుల పట్టిక సిద్ధపరచుటయే మొదటి పని.