యోజనలో పరమాణువులెన్ని? - లలితవిస్తరంలోని ఒక లెక్క

సూరత్ మరమగ్గాల నడుమ జీవిస్తున్న మన తెలుగు పద్మశాలీలకు పుంజం లెక్క కొత్తది కాదు. పుంజమంటే 120 పోగులు. 20 పుంజాల పడుగు అన్నప్పుడు 2,400 అనే మొత్తాన్ని కంఠస్థం చేయనక్కరలేదు. పుంజానికెన్ని పోగులో తెలిస్తే మొత్తం దానంతటదే వస్తుంది. బౌద్ధ వాఙ్మయంలోని ఒక మహాసంఖ్యను పరిశీలించడానికి ఈ మగ్గపు లెక్కే నాకు దారి చూపింది.

లలితవిస్తరం 12వ అధ్యాయంలో దండపాణి శాక్యుడు, విద్యలు నేర్వనివానికి తన కుమార్తె గోపను ఇవ్వనంటాడు. రాజకుమారుడన్న మాట అక్కడ చెల్లలేదు. సిద్ధార్థుడు పరీక్షకు నిలవవలసి వచ్చింది. గణకుడైన అర్జునుడు (భారత కథలోని అర్జునుడు కాడు) కోటికి పైనున్న సంఖ్యలు చెప్పమన్నాడు. సిద్ధార్థుడు నూరేసి రెట్ల చొప్పున అయుతం, నియుతం అంటూ 23 మెట్లెక్కి తల్లక్షణం చేరాడు. అది 1 తర్వాత 53 సున్నలు. కోటికి 7 సున్నలు, ప్రతి మెట్టుకూ మరి రెండు. సున్నల సంఖ్య ఎప్పుడూ బేసి కనుక ఈ వరుసలో ఒక్కటీ పూర్ణవర్గం కాదు.

అసలు విశేషం తర్వాతి ప్రశ్నలో ఉన్నది. పరమాణురజం మొదలు ఏడేసి రెట్లుగా కొలత పెరుగుతుంది: అణువు, త్రుటి, కిటికీ వెలుగులో కనబడే ధూళి, కుందేలు, గొర్రె, ఆవు రేపే ధూళికణాలు, ఈపి, ఆవగింజ, యవగింజ, వేలి కణుపు. పది మెట్లు. కనుక వేలి కణుపుకు 28,24,75,249 పరమాణువులు. 12 కణుపులు జాన, 2 జానలు మూర, 4 మూరలు ధనువు, 1,000 ధనువులు క్రోశం, 4 క్రోశాలు యోజన. అంటే యోజనకు 3,84,000 కణుపులు. హెచ్చించగా వచ్చేది 10,84,70,49,56,16,000.

ఈ పదిహేనంకెల సంఖ్యను విడదీస్తే 2, 3, 5, 7 తప్ప మరో ప్రధానసంఖ్య దొరకదు. 2 పదిసార్లు, 7 పదిసార్లు, 5 మూడుసార్లు, 3 ఒక్కసారి. 14ను పదిమార్లు హెచ్చించి 375తో గుణించినా ఇదే వస్తుంది.

అయితే సంస్కృత పాఠంలో యోజనకు చెప్పిన మొత్తం దీనితో సరిపోదు. అందులో అక్షోభ్యమనే మాట ఉన్నది. అదే గ్రంథపు వరుసలో అక్షోభ్యమంటే 1 తర్వాత 17 సున్నలు. ఆ ఒక్క మాటే మన సంఖ్యను దాటిపోతున్నది. పొరపాటు లేఖకులదో, సంకలనకర్తలదో కావచ్చు. మొత్తం చెదిరినా నియమం చెదరలేదు.

దీన్ని చూపి బుద్ధునికి ఆధునిక అణుశాస్త్రం తెలుసుననేవారితో నేను ఏకీభవించను. ఏడేసి రెట్ల ఈ కొలత ఊహించినదే గాని ప్రయోగంతో తేల్చినది కాదు. పైగా గ్రంథం బుద్ధుని తర్వాత శతాబ్దాలకు కూర్చినది. దాని ఒక పాఠాన్ని ధర్మరక్షుడు క్రీ.శ. 308లో చైనా భాషలోకి అనువదించాడు. కాబట్టి ఈ పరీక్ష సిద్ధార్థుని జీవిత ఘటనకు సాక్ష్యం కాదు, కూర్చినవారి గణితాభిరుచికి సాక్ష్యం. పుక్కిటి పురాణమని కొట్టివేసేవారు మాత్రం కాగితం తీసుకొని ఒక్కసారైనా హెచ్చించి చూసినట్లు లేదు. మా తరగతిలో విద్యార్థుల చేత చేయించాను. మొత్తం చెప్పలేదు, ఏడేసి రెట్ల నియమం మాత్రమే నల్లబల్లపై వ్రాశాను. గంట మ్రోగేలోపు పదిహేనంకెలూ వచ్చాయి.