బదనిక కాని బదనిక

నేడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మొదలగు జిల్లాలుగా విడివడిన పూర్వపు ఓరుగల్లు సీమలో పడమటి మెరకనుండి గోదావరివైపు సాగినకొలదిని అడవి చిక్కనగును. అచ్చటి ఇప్ప, మామిడి మ్రాకుల కొమ్మలపై నొక మొక్క కలదు, దాని వేళ్ళు నేల నంటక గాలిలో వ్రేలాడుచు, ఎండనాళ్ళ బూడిద పూసినట్లు తెల్లనై, వాన తడిసినంతనే పచ్చనగును.

ఈ ఆర్కిడును మనవారు బదనిక యందురు. చెట్టు రసము పీల్చి దానిని కృశింపజేయు నిజమైన బదనికకును, కొమ్మను కేవలము ఆసనముగా గొని గాలితేమతో బ్రదుకు దీనికిని పేరొక్కటియే యగుటచే, నిరపరాధియగు నీ మొక్క గొడ్డలి పాలగుట మిక్కిలి బాధాకరము. అమరకోశమునందలి ‘వందా’ శబ్దముగూడ చెట్లపై మొలచు మొక్కల కిట్టి సామాన్యనామమే. సర్ విలియం జోన్సు ఆ పదమును పాశ్చాత్యపండితుల కెరిగింపగా, రాబర్టు బ్రౌను 1820లో దానినే యొక ప్రజాతికి లాటిను నామముగా స్థిరపరచెను.

అంతకు పూర్వమే, సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్సుబరో, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించి, 1795లో వెలువడనారంభించిన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున మన మొక్కను ఎపిడెండ్రం టెస్సెల్లేటం అని వర్ణించెను. ఆ రెండవ మాటకు గళ్ళు గలదని యర్థము. రేకును కంటిచెంత బట్టి చూచిన, లేతపసుపుమీద కాచురంగు గీతలు చదరంగపు పలకవలె నల్లుకొని యుండును. బ్రౌను రాక్సుబరోపై గౌరవముతో వాండా రాక్సుబర్గై యనినను, తొలిపేరునకే ప్రాధాన్యమను శాస్త్రనియమమునుబట్టి, 1830లో ప్రకటితమైన వాండా టెస్సెల్లేటా యన్నదే నిలిచినది.

పువ్వుమాత్ర మొకే రూపున నిలుచునది కాదు. ఒకచోట రేకు బూడిదపచ్చగా, పెదవి నీలముగా నుండ, మరొకచోట రేకు ముదురై, పెదవి గులాబివన్నె దాల్చును. 1753లో లిన్నేయసు పేరిడిన ఉత్తర ఐరోపా మచ్చల ఆర్కిడునకును ఇదియే చిక్కు. చోటుచోటికి మారు దాని రూపముల నెన్ని తెగలుగా విభజింపవలెనో పండితు లేకాభిప్రాయమునకు రాలేదు.

మన మొక్క సింహళము, బర్మాలవరకు వ్యాపించినది. వంగదేశమున దీని వేళ్ళను రాస్నయను పేర ఔషధములందు వాడుదురు. తీరము కంపెనీ ఏలుబడిలోను, ఓరుగల్లు నైజాము ఏలుబడిలోను ఉండుటచే, రాక్సుబరో సామర్లకోటనాటి పరిశీలనలు చాలవరకు తీరమునకే పరిమితములయ్యెను. 1915 మొదలు వెలువడిన గ్యాంబులు వృక్షగ్రంథముగూడ చెన్నపురి రాజధాని పొలిమేరనే యాగెను. అందుచే మన అడవుల ఇప్పకొమ్మపై పూచు పువ్వునకును శాస్త్రనామము సర్కారు తీరమునుండియే రావలసివచ్చినది.